పాపట వెడల్పవుతున్నప్పుడు

ఈ సంచిక సంపాదకీయం జుట్టు గురించి రాస్తానన్నప్పుడు మా బృందంలో ఒకరిద్దరు నవ్వారు. కూలిరేట్లు, భూమి హక్కు, ఇంట్లో హింస, పింఛన్లు ఇన్ని ఉండగా నూనెలూ కుంకుడుకాయలూ మనకెందుకు, వాటికి రంగుల వారపత్రికలు చాలవా అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అయితే వికారాబాదు, తాండూరు చుట్టుపక్కల ఊళ్లలో నలభై అయిదు దాటిన స్త్రీలతో ఆరోగ్యం గురించి కూర్చున్నప్పుడల్లా ఒకటి జరుగుతూ వచ్చింది. తెల్లబట్ట, నడుంనొప్పి, బి.పి. అంటూ మేం రాసుకుని వెళ్లిన జాబితా పక్కకు పోయి మాట నెత్తి మీదికి మళ్లేది. ఎంటికలు పలచబడ్డయని ఒకరు, ముట్టుకుంటే కొబ్బరిపీచు లెక్క అయినయని ఒకరు, పాపట వెడల్పయిందని ఇంకొకరు. చెబుతూ చెబుతూ కొంగు నెత్తి మీదికి లాక్కునేవారు. మనవలు పుట్టినాక జుట్టు మీద సోకేందని ఇంట్లో అంటారట. ఆసుపత్రిలోనైతే వయసు మీద పడింది, ఏం చేస్తామంటారట.

వయసుతో వచ్చే మార్పుని జబ్బని చెప్పి సీసాలు అమ్మే బజారు ఒక పక్క, జబ్బుతో వచ్చే మార్పుని వయసని చెప్పి ఇంటికి పంపే ఆసుపత్రి ఇంకో పక్క. ఈ రెంటి మధ్యా మన స్త్రీలు నలుగుతున్నారు. ఏది వయసో ఏది జబ్బో తెలుసుకోవడం మన ఆరోగ్య హక్కులో భాగమని నేను అనుకుంటున్నాను. అందుకే ఈ రాత.

ముందు వయసు సంగతి. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతుంది, రెండు మూడు నెలలు ఊరకే ఉండి రాలిపోతుంది. అదే కుదురు నుంచి మళ్లీ ఒకటి మొలుస్తుంది. నెలకు పెరిగేది దాదాపు ఒక సెంటీమీటరు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఏ వయసులోనైనా మామూలే. నలభై దాటుతున్న కొద్దీ ఈ పెరిగే కాలం కుదించుకుపోతుంది. జడ మునుపటి పొడవు అందుకోదు. కుదురు చిన్నదవుతుంది, మొలిచే వెంట్రుక సన్నబడుతుంది. రంగునిచ్చే కణాలు తగ్గిపోయి తెల్లబడుతుంది. ముట్లుడిగే రోజుల్లో ఈస్ట్రోజెన్ హార్మోను పడిపోతుంది, నెత్తి మీద సహజంగా ఊరే జిడ్డూ తగ్గుతుంది. నిన్నటిదాకా జారిపోయిన జుట్టు పొడిబారి, గరుకెక్కి, అక్కడక్కడా వంకర తిరిగి, దువ్వెనకు చిక్కుకోవడం ఇందువల్లనే. మన దేశంలో ముట్లు ఆగే సగటు వయసు 46, 47 ఏళ్ల దగ్గర ఉంది. అంటే ఈ మార్పులు నలభైల్లోనే, ఇంకా చేతినిండా పని ఉన్న వయసులోనే మొదలవుతాయి. వీటిలో ఏదీ జబ్బు కాదు. ఏ నూనే వీటిని వెనక్కి తిప్పదు కూడా.

ఇక వయసు ఖాతాలో వేయకూడనివి. విషజ్వరమో డెంగీయో వచ్చిపోయినా, పెద్ద ఆపరేషను జరిగినా, ఇంట్లో చావు దుఃఖం తగిలినా రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. అప్పటికి జ్వరం సంగతి మరిచిపోయి ఉంటాం, నీళ్లనో సబ్బునో తిడతాం. చాలామందికి ఆరు నెలల్లో అది దానంతటదే తిరిగి వస్తుంది. రూపాయిబిళ్ల మేర నున్నగా ఊడితే మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. దానికీ పేలకూ సంబంధం లేదు. శరీరపు రక్షణ వ్యవస్థ పొరపాటున తన కుదుళ్ల మీదే దాడి చేయడం వల్ల వచ్చేది, అంటుకునేది కాదు. ఆ కారణంగా ఒక స్త్రీని వేరే చాప మీద పడుకోబెట్టడం అన్యాయం. నెత్తి మంట పుడుతూ, ఎర్రబడి, పొలుసులు కట్టి ఊడుతుంటే ఆలస్యం చేయకుండా చర్మవైద్యులకు చూపించాలి, మచ్చపడిన చోట జుట్టు మళ్లీ రాదు. జుట్టు గరుకెక్కి రాలడంతో పాటు అలసట, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, ఒళ్లు బరువెక్కడం, కనుబొమల చివరలు పలచబడటం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. ఒక్క రక్తపరీక్ష, ఆ తర్వాత రోజుకొక మాత్ర. దీన్ని వయసు అని కొట్టిపారేస్తే ఆమె ఏళ్ల తరబడి బరువు ఈడ్చినట్టు బతుకుతుంది.

అన్నిటికన్నా పెద్దది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. ఇనుము తక్కువైన ఒళ్లు ఉన్నదాన్ని గుండెకూ మెదడుకూ పంపుతుంది. జుట్టు దాని లెక్కలో చివరిది. కానీ ఈ అంకెలో నన్ను ఆపింది శాతం కాదు, ఆ '49'. యాభయ్యో ఏడు వచ్చిన స్త్రీ రక్తాన్ని ఆ సర్వే కొలవనే లేదు. 2018లో కేంద్రం మొదలుపెట్టిన 'అనీమియా ముక్త్ భారత్' పేర్కొన్న ఆరు వర్గాల్లో పసిపిల్లలు, బడిపిల్లలు, కిశోరప్రాయం వాళ్లు, గర్భిణులు, బాలింతలు, పిల్లల్ని కనే వయసు స్త్రీలు ఉన్నారు. యాభై దాటిన స్త్రీ లేదు. 2015లో మన రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యలక్ష్మి భోజనం గర్భిణులకూ బాలింతలకూ. ఇవన్నీ అవసరమైనవే, వద్దనేదెవరు? కానీ వరసగా పెట్టి చూస్తే రాజ్యం దృష్టిలో స్త్రీ అంటే గర్భసంచి అని తేలుతుంది. దాని పని అయిపోగానే ఆమె లెక్కలోంచి జారిపోతుంది.

మన ఉద్యమాన్ని కూడా ఈ ప్రశ్న అడగాలి. 1980ల్లో పటాన్‌చెరులో పేద స్త్రీలపై నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షను ప్రయోగాలను ప్రశ్నించి, 1986లో సుప్రీం కోర్టు దాకా వెళ్లిన స్త్రీ శక్తి సంఘటన వంటి సంస్థల వారసులం మనం. ఆ పోరాటం కనే వయసు స్త్రీ దేహం చుట్టూ జరగడం ఆనాటి అవసరం. ఆ రోజు ముప్ఫై ఏళ్లున్న కార్యకర్తకు ఇప్పుడు డెబ్భై. ఆమె దేహం గురించి మన దగ్గర ఎన్ని కరపత్రాలున్నాయి?

గర్భసంచి మాట వచ్చింది కనుక దాన్ని దాటి వెళ్లలేను. అదే సర్వే లెక్కల్లో తెలంగాణలో 15–49 వయసు స్త్రీలలో 8.2 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద అది 3 శాతం చిల్లర. తెల్లబట్టకో అధిక రక్తస్రావానికో ఇంకా ముప్ఫైల్లో ఉండగానే ఆపరేషను బల్ల ఎక్కిన స్త్రీలు మన ప్రతి సంఘంలోనూ ఉన్నారు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, పదేళ్లలో మెల్లగా రావలసిన మార్పు వారాల్లో వచ్చి పడుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, జుట్టు పీచుకట్టడం. అండాశయాలు వదిలేసినా అవి తొందరగా ఉడిగిపోయే అవకాశం ఉంది. "ఇరవై ఎనిమిదేళ్లకే ముసలిదాన్నయిన" అని ఎవరైనా అంటే అది పోలిక కాదు, అక్షరాలా వైద్య సత్యం. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలు మూడు నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీం కోర్టు ఆదేశించింది. జుట్టు రాలుతోందని చెప్పే నలభై లోపు స్త్రీని మొదట అడగవలసిన ప్రశ్న, ఆపరేషను అయిందా, ఎప్పుడు, ఏమేం తీశారు, కాగితాలున్నాయా అన్నది.

తాండూరు వైపు ఇంకో కథ ఉంది. అది సున్నపురాతి నేల. అక్కడి నాపరాయి దేశమంతటా ఇళ్ల గచ్చులయింది. బండల గనులు, పాలిషింగు యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న ఊరిలో దుమ్ము ఎవరి ఇంటినీ వదలదు, ఆ పనిలో ఉన్న స్త్రీల నెత్తిని అసలే వదలదు. సున్నం కలిసిన దుమ్ము ఉన్న కాస్త జిడ్డునూ పీల్చేస్తుంది. తట్ట మోసే చోట నడినెత్తి మీద జుట్టు అరిగిపోతుంది. ఏళ్ల తరబడి బిగించి ముడివేసిన కొప్పు, తండాల్లో పెద్దవాళ్లు చెంపల పక్క జుట్టుకు వేలాడదీసుకునే బరువైన వెండి నగలు లాగీ లాగీ అక్కడి కుదుళ్లను చంపేస్తాయి. బోరునీళ్ల సంగతీ అంతే. సున్నం ఉన్న నీళ్లతో సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి మడ్డి వెంట్రుకకు పట్టుకుంటుంది. అందరూ జుట్టు పాడయిందనుకునేదాంట్లో కొంత ఈ మడ్డే.

దీనికి ఖరీదైన మందేమీ అక్కర్లేదు. ఒంటిసబ్బు తలకు వాడడం మానాలి. కుంకుడురసం సున్నపు నీళ్లతో కూడా మడ్డి కట్టదు. మన పెద్దవాళ్లు ఊరికే పట్టుకోలేదు దాన్ని. అయితే ముదిరిన జుట్టును అది ఇంకా ఎండగడుతుంది, కాబట్టి పలచగా తీసి, వడగట్టి, మందారాకు జిగురు కలిపితే మంచిది. స్నానానికి ముందు రాత్రి కొబ్బరినూనె పట్టిస్తే వెంట్రుక నీళ్లకు ఉబ్బి చిట్లడం తగ్గుతుంది. నూనె జుట్టును పెంచదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. అంతవరకే. చివర్న నిమ్మచెక్క పిండిన చెంబెడు నీళ్లు, వానాకాలమైతే పట్టిన వాననీళ్లు పోసుకోవచ్చు. తడి మీద దువ్వకుండా, వెడల్పు పళ్ల దువ్వెనతో కింది కొసల నుంచి చిక్కు తీసుకుంటూ పైకి రావాలి. పనిలో పాత నూలుగుడ్డ వదులుగా కట్టుకోవాలి. ఇవన్నీ చెప్పాక ఒక సమావేశంలో ఒకామె లేచి, తలుపున్న స్నానాలగది, రెండు బకెట్ల నీళ్లు, ఒక గంట తీరిక ఎవరిస్తారని అడిగింది. నా దగ్గర ఉన్న చిట్కాల కాగితంలో దానికి సమాధానం లేదు. ఇది కూలిగంటల ప్రశ్న, నీళ్ల ప్రశ్న, ఇంటిపని పంపకం ప్రశ్న. మన పాత ప్రశ్నలే జుట్టు దారిన వచ్చాయి.

తిండి కూడా అంతే. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఆ కందిచేలో కలుపు తీసి, కోసి, కొట్టి, చెరిగిన ఆమె అందరి తర్వాత అన్నానికి కూర్చున్నప్పుడు గిన్నెలో పప్పెంత మిగిలిందన్నది ఏ గుర్తింపూ చెప్పదు. వెంట్రుక అంటే మాంసకృత్తే. పప్పులో ఆకుకూర వేసి, చింతపులుసో నిమ్మకాయో తోడు చేసుకుంటే అందులోని ఇనుము ఒంటికి పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి పైసా ఖర్చు లేదు.

బజారు మాత్రం ఖర్చు చాలా పెట్టిస్తోంది. తెల్లజుట్టును నల్లగా మార్చే రంగుల్లో చాలావాటిలో పి.పి.డి. అనే రసాయనం ఉంటుంది. కొందరికి అది పడదు. నెత్తి, నుదురు, కనురెప్పలు వాచి నీరు కారతాయి. 'నల్ల గోరింటాకు' అని పొట్లాల్లో అమ్మేదాంట్లో కూడా తరచూ ఇదే కలుస్తుంది. మామూలు గోరింటాకు ఎర్రగా పండుతుందే కాని నల్లబడదు. వేసుకోవాలనుకున్న వాళ్లు చెవి వెనక చుక్క పెట్టి రెండు రోజులు ఆగి చూడాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు మింగడం ఈ మధ్య పట్నం నుంచి పల్లెకు పాకింది. లోపం లేనివాళ్లకు వాటివల్ల ఒరిగేది పెద్దగా లేదు, పైగా అవి థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తప్పుదారి పట్టిస్తాయి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. పాపట దగ్గర పలచబడటానికి మినాక్సిడిల్ అనే పూతమందు కొందరికి పనిచేస్తుంది. నెలల తరబడి వాడాలి, మానేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఆ ఖర్చు భరించగలమా అన్నది తెలుసుకుని మొదలుపెట్టాల్సిన విషయం.

రంగు వేసుకోవడం తప్పని నేననను. వేసుకోకపోతే తప్పన్న చోటే నాకు పేచీ. నెరిసిన జుట్టున్న మగవాడు పెద్దమనిషవుతాడు. నెరిసిన స్త్రీ ముసల్దవుతుంది.

స్త్రీ జుట్టు మీద ఇతరుల అధికారం కొత్తది కాదు. పొద్దున లేచింది మొదలు ఎన్నోసార్లు వినే 'ముండ' అన్న తిట్టు ఎక్కడిది? ముండనం అంటే గుండు చేయడం. తల గొరిగించిన విధవ ఆ మాటకు మూలం. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించేనాటికి ఆ గొరిగించడం కొన్ని కులాల ఇళ్లలో ఆచారం. ఆచారం పోయింది, తిట్టు కులాలన్నిటికీ పాకింది. భర్త పోయిన స్త్రీ తలలో పూలు తీసేయించే తంతు ఇప్పటికీ మన కళ్లముందే జరుగుతోంది. భర్త ఉంటే నూనె రాసి దువ్వి పూలు పెట్టుకోవాలి, పోతే ఎవరి కోసమని దువ్వుకుంటున్నావని అడుగుతారు. యాభై అయిదేళ్ల ఒంటరి స్త్రీ తన జుట్టు గురించి డాక్టరును అడగడానికి ఎందుకు సిగ్గుపడుతుందో ఈ చరిత్ర తెలియకుండా అర్థం కాదు. ఆమె అడిగేది అందం గురించే అనుకుందాం. అయితే ఏం? తన ఒళ్లు తనకు నచ్చేలా ఉంచుకునే హక్కుకు భర్త ప్రాణాలతో ఉండాలన్న షరతు ఏ చట్టంలో రాసి ఉంది?

ఇంతా చేసి, రాలిన వెంట్రుకకు మాత్రం విలువుంది. దువ్వినప్పుడల్లా వచ్చే చిక్కు వెంట్రుకల్ని ఉండచుట్టి చూరులో దోపి, నెలల తర్వాత వీధిలోకి వచ్చిన మనిషికి ఇచ్చి స్టీలు గిన్నె తీసుకోవడం మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. ఆ ఉండలు చేతులు మారి, విడదీయబడి, విదేశాల్లో విగ్గులవుతాయి. ముడి వెంట్రుకల ఎగుమతి ఎంత పెద్ద వ్యాపారమంటే, 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం దాన్ని నియంత్రిత జాబితాలోకి తెచ్చింది. వెంట్రుకను కొలవడానికి త్రాసులున్నాయి. అది ఊడిన తలలోని రక్తాన్ని కొలవడానికి ఊరి దాకా ఎవరూ రారు.

అడగవలసినవి పెద్దవేమీ కావు. 2023 మార్చి 8న మన రాష్ట్రంలో ప్రారంభించిన 'ఆరోగ్య మహిళ' కార్యక్రమం, మంగళవారాలు స్త్రీలకు కేటాయించి, థైరాయిడ్, విటమిను లోపాలు, ముట్లుడిగే కాలపు సమస్యలు కూడా చూస్తామని ప్రకటించింది. అదే ఏడాది వికారాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. తాండూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. కాబట్టి ఇక్కడ వీలుకాదు, హైదరాబాదు రైలెక్కండి అన్న మాట ఇక చెల్లదు. సంఘాల కార్యకర్తలకు నా విన్నపం ఇది. రాబోయే మూడు నెలల్లో మీ మండలంలో ఏదో ఒక మంగళవారం, యాభై దాటిన ఒక పదిమందితో కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు రెండూ అడగండి. రక్తం అక్కడే తీశారా, ఇంకో చోటికి పొమ్మన్నారా, ఫలితం ఎన్ని రోజులకు వచ్చింది, మాత్రలు ఇచ్చారా, బయట కొనమన్నారా, వయసు అడిగాక మాట తీరు ఏమైనా మారిందా, అన్నీ రాసుకోండి. పేర్లు అక్కర్లేదు, వయసు, ఊరు, చేసే పని చాలు. గర్భసంచి ఆపరేషను అయినవాళ్లుంటే ఏ వయసులో అయిందో విడిగా రాయండి. వచ్చినవన్నీ వచ్చే సంచికలో అచ్చువేసి, ఆ కాగితాలతోనే జిల్లా వైద్యాధికారిని కలుద్దాం.